రెండో సరీసృపానికి వేరు కాపురం

మీరు అడిగిన విషయాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. బరంపురంలో ఒక ఇంటి పై అంతస్తులో, రెండు పడక గదుల వాటాలో అద్దెకుంటున్నారు. మూడేళ్లుగా బియర్డెడ్ డ్రాగన్ అనే ఒక మగ తొండను పెంచుతున్నారు. ఉదయం ఎనిమిదికి పనికి వెళ్లి రాత్రి ఏడు గంటలకు ఇల్లు చేరుతారు. ఇంట్లో మీ భార్య, నాలుగేళ్ల పాప, నిష్ఠగా పూజలు చేసుకునే మీ అమ్మగారు ఉంటారు. డ్రాగన్ ఒంటరిగా ఉందని బాధ కలిగి దానికి తోడుగా మరొక సరీసృపాన్ని తేవాలనుకుంటున్నారు. మరో బియర్డెడ్ డ్రాగన్, బాల్ పైథాన్ పాము, సల్కాటా తాబేలు, లెపర్డ్ గెక్కో బల్లి ఈ నాలుగింటిలో ఏది మీ ఇంటికి సరిపోతుందని అడిగారు.

నేను పర్లాకిమిడిలో ఉంటాను. పద్నాలుగేళ్లుగా బల్లులను, పాములను పెంచుతున్నాను. మధ్యలో ఉద్యోగరీత్యా నాలుగేళ్లు కోరాపుట్‌లో ఉండడం వల్ల కోస్తా ఉక్కపోతలోనూ, కొండ మీది చలిలోనూ వీటిని సాకిన అనుభవం నాకుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మీ నలుగురికీ, మీ ఇంటికీ, మీ పనివేళలకూ లెపర్డ్ గెక్కో తగినది. అయితే దానిని తోడుగా కాక, పూర్తిగా వేరు కాపురం పెట్టి పెంచవలసిన మరో జీవిగా తెచ్చుకోవాలి. పైగా, మీ డ్రాగన్ ఈ వానాకాలాన్ని ఏ ఇబ్బందీ లేకుండా దాటిందని మీకు నిశ్చయంగా తెలిసిన తరువాతనే తేవాలి.

తోడు అన్న మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే మీ ఆలోచనంతా దాని మీదనే ఆధారపడి ఉంది. చిలుకలు, కుక్కలు, ఆవులు గుంపుగా బతికే జీవులు కనుక ఒంటరితనంతో బెంగ పెట్టుకుంటాయి. బియర్డెడ్ డ్రాగన్ అలాంటిది కాదు. ఆస్ట్రేలియా నడిభాగపు మెట్ట నేలల్లో ఎవరి హద్దు వారిదిగా బతికే తొండ జాతి అది. దానికి కావలసినవి ఎండ, వెచ్చటి రాయి, దాక్కునే చోటు, తిండి. మరొక డ్రాగన్ ఎదురుపడితే అది దానిని తన ఎండకూ తిండికీ పోటీగానే చూస్తుంది. రెండు మగవైతే కొట్లాట ఖాయం. ఒక మగ, ఒక ఆడ అయితే ఆడది వరుసగా గుడ్లు పెట్టి ఒంట్లోని కాల్షియం అంతా కోల్పోతుంది.

రెండు ఆడవైతే పరవాలేదని ఒకప్పుడు నేనూ నమ్మాను. రెండింటినీ ఒకే ట్యాంకులో ఉంచాను. వేడి కోసం పెట్టిన దీపం కింద ఒకదాని వీపు మీద మరొకటి ఎక్కి పడుకునేది. ఇంట్లో అందరం అది ప్రేమ అనుకున్నాం. నాలుగు నెలలు గడిచాక తూకం వేస్తే, పైన పడుకునేది 380 గ్రాములకు పెరిగింది, కింద ఉండేది 310 నుంచి 240 గ్రాములకు పడిపోయింది. తోక కొన కూడా కొరికేసి ఉంది. పైనున్నది ప్రేమతో ఎక్కలేదు, కిందిదానికి వెచ్చదనం అందకుండా అడ్డుపడింది. రోజూ కళ్లెదుట జరుగుతున్న హింసను నేను గుర్తించలేకపోయానన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. వేరు చేశాక కిందిది కోలుకోవడానికి ఐదు నెలలు పట్టింది. కనుక మరో డ్రాగన్‌ను తెచ్చినా, మరే జాతిని తెచ్చినా, రెండో దానికి రెండో ట్యాంకు, రెండో దీపం, రెండో నీళ్ల పళ్లెం తప్పవు.

ఇక మన వాతావరణం సంగతి. పుస్తకాలు, వీడియోలు ఎక్కువగా చలి దేశాల వాళ్లు తయారు చేసినవి కనుక అవి వేడి ఎలా ఇవ్వాలన్న దానినే ముఖ్యంగా చెబుతాయి. బరంపురంలో కష్టం అది కాదు. డిసెంబరు, జనవరి రాత్రుల్లో తప్ప మీకు వేడి కొరత రాదు. మే నెలలో పై అంతస్తు గది ఎంత కాగుతుంది, ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా గాలిలో తేమ ఎంత నిలిచి ఉంటుంది అన్నవే మీకు ముఖ్యమైన ప్రశ్నలు. మీ డ్రాగన్‌కు దీపం కింద 38 నుంచి 42 డిగ్రీల వేడి కావాలి, కానీ రెండో కొస 24 నుంచి 29 డిగ్రీల మధ్య చల్లగా ఉండాలి. గదే 36 డిగ్రీలకు చేరితే ఆ చల్లటి కొస ఉండదు, జీవి తప్పించుకోవడానికి చోటుండదు. అలాగే ఎండు నేలల జీవికి 30, 40 శాతం తేమ హాయి. సముద్రపు గాలి వీచే మీ ఊళ్లో వానాకాలంలో అది సులువుగా 80 దాటుతుంది. దీపానికి దూరంగా ఉన్నప్పుడు కూడా నోరు తెరిచి ఊపిరి తీయడం, ముక్కు దగ్గర బుడగలు, ఊపిరిలో టిక్కుటిక్కుమనే చప్పుడు ఇవి ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. ఇప్పుడున్న దానికి గత రెండు వానాకాలాల్లో ఇలాంటిదేదైనా వచ్చి ఉంటే రెండో దాని ఆలోచన పక్కన పెట్టి, ముందు దాని గూటికి గాలి ఆడేలా జాలీ కిటికీలు పెంచండి.

రెండో ట్యాంకు ఎక్కడ పెట్టాలనుకుంటున్నారో ఆ చోట, జీవిని కొనకముందే, కనిష్ఠ గరిష్ఠ అంకెలు గుర్తుంచుకునే డిజిటల్ థర్మామీటరు ఒకటి పెట్టి 30 రోజులు వేడి, తేమ రాసుకోండి. పడమటి గోడకు ఆనుకున్న చోటుకూ, లోపలి గోడ పక్క చోటుకూ మధ్య నాలుగైదు డిగ్రీల తేడా నేను మా ఇంట్లోనే చూశాను. శ్లాబు కింద గది అయితే పైకప్పుకు దగ్గరగా ఉండే పై అరలో కాక కింది అరలో ఉంచండి. కోరాపుట్, సెమిలిగుడ వైపు ఉండేవారికి ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ చలికాలపు రాత్రుల్లో 10 డిగ్రీల కిందికి కూడా పోతుంది కనుక రాత్రంతా వేడి ఇచ్చే ఏర్పాటు, ఆ వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ తప్పనిసరి.

ఈ వాతావరణానికి ఒక్కొక్క జీవిని పెట్టి చూద్దాం. న్యాయంగా చెప్పాలంటే తేమ విషయంలో అన్నింటికన్నా బాల్ పైథాన్ మన కోస్తాకు నప్పుతుంది. పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా, టోగో, బెనిన్ ప్రాంతాల ఆ పాముకు 55 నుంచి 70 శాతం తేమ, వెచ్చటి కొసన 31, 32 డిగ్రీలు చాలు. మూడు నాలుగు అడుగుల పొడవు, నెమ్మది స్వభావం, వారానికో పది రోజులకో ఒక్కసారి తిండి. పొద్దంతా ఇంట్లో లేని మనిషికి ఇది అనుకూలమే. అయినా మీకు దానిని సూచించలేకపోవడానికి కారణం మీ ఇంటి మనుషులే. దానికి తిండి ఎలుక. బతికిన ఎలుకను వేస్తే అది పామును కొరికి గాయపరుస్తుంది కనుక, చంపి గడ్డకట్టించిన ఎలుకలను తెచ్చి ఫ్రీజరులో దాచి, వేడి నీళ్లలో కరిగించి పెట్టాలి. మార్గశిర లక్ష్మివారాలు, కార్తీక మాసం నియమంగా పాటించే ఇంట్లో, అందరూ వాడే ఫ్రీజరులో ఎలుకల పొట్లం పెట్టడం ఎంతమాత్రం మర్యాద కాదు. నాగులచవితికి పుట్టలో పాలు పోసే మీ అమ్మగారికి పాము పట్ల భక్తి ఉండవచ్చు గానీ, పక్క గదిలో పాము ఉందని తెలిసి రోజూ నిద్రపోవడం వేరే సంగతి. ఆ పాము ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. అన్నేళ్లు ఇంట్లో ఒకరిని భయంతో ఉంచే జీవిని తేవద్దు. విడిగా చిన్న ఫ్రీజరు కొనగలిగి, అమ్మగారు స్వయంగా, మొహమాటం లేకుండా సరేనంటే అప్పుడు మళ్లీ ఆలోచించండి. ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. ఆ పాము నెలల తరబడి తిండి మానేయడం మామూలే, అది చూసి కంగారుపడే స్వభావం మీదైతే అది మీకు తగదు.

సల్కాటా గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అరచేతిలో పట్టే పిల్లను చూపి అమ్ముతారు. అది సహారా దక్షిణపు అంచున బొరియలు తవ్వుకుని బతికే తాబేలు, పెరిగితే 40, 50 కిలోలు తూగుతుంది, మనిషి ఆయుష్షుతో సమానంగా బతుకుతుంది. పెరడు లేని అద్దె వాటాలో దానికి చోటు లేదు. తాబేలు ఇంట ఉంటే మంచిదన్న నమ్మకంతో కొందరు నక్షత్ర తాబేలును చాటుగా తెచ్చుకుంటారు. అది మన దేశపు జీవి, చట్టం ప్రకారం అత్యున్నత రక్షణలో ఉంది, దాన్ని ఇంట ఉంచుకోవడమే నేరం. చిన్న నీటి తాబేలుగా అమ్మే ఎర్రచెవుల స్లైడర్ కూడా వద్దు. పాత్ర చాలనంతగా పెరిగాక జనం వాటిని చెరువుల్లో వదిలేస్తున్నారు, అవి మన చెరువు తాబేళ్ల తిండినీ చోటునూ ఆక్రమిస్తున్నాయి. ఋషికుల్య ముఖద్వారంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వచ్చే ఒడ్డు మీ ఊరికి ఎంతో దూరం లేదు. మీ పాపను ఒకసారి ఆ కాలంలో అటవీ శాఖ వారి అనుమతితో అక్కడికి తీసుకెళ్లండి. తాబేలును చూసే ఆనందానికి దాన్ని తొట్టిలో పెట్టనక్కరలేదు. మీరు అడగకపోయినా మరొక మాట. దుకాణాల్లో క్రెస్టెడ్ గెక్కో చూపించి ఇది సులువని చెబితే నమ్మవద్దు. న్యూ కాలెడోనియా దీవుల చల్లటి అడవుల జీవి అది, 28, 29 డిగ్రీలు దాటితేనే అలసిపోతుంది. మన వేసవిలో రేయింబవళ్లు ఏసీ నడపకుండా దాన్ని బతికించలేరు.

ఇక లెపర్డ్ గెక్కో. ఎనిమిది నుంచి పది అంగుళాల పొడవు, నేల మీదే తిరిగే స్వభావం. దాని పాదాలకు మన ఇంటి బల్లికున్న పట్టు ఉండదు కనుక గోడలెక్కి మాయం కాదు. 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు ఉన్న ట్యాంకు చాలు. కింది పలకకు ఒక కొసన 31 నుంచి 33 డిగ్రీల వేడి ఉంటే చాలు. మీ ఊళ్లో ఏడెనిమిది నెలలు ఆ వేడి దాదాపు గాలిలోనే దొరుకుతుంది. మీ డ్రాగన్ దీపం 100 వాట్లది అయితే రోజుకు 12 గంటల చొప్పున నెలకు 36 యూనిట్లు అవుతుంది. గెక్కోకు ట్యాంకు కింద పరిచే 20 వాట్ల హీట్ మ్యాట్ రోజంతా నడిచినా నెలకు 15 యూనిట్ల లోపే. అది పగలు నిద్రపోయి చీకటిపడే వేళకు బయటికి వస్తుంది. మీరు రాత్రి ఏడుకు ఇల్లు చేరేసరికి డ్రాగన్ నిద్రకు ఉపక్రమిస్తుంటే గెక్కో మేలుకుంటుంది. రోజులో మీకు మిగిలే రెండు మూడు గంటలు దాని వేళలతో కలుస్తాయి. రెండో జీవిని ఎంచుకునేటప్పుడు చాలామంది ఆలోచించని విషయం ఇదే. డ్రాగన్‌నైతే మీరు సెలవు రోజున తప్ప మెలకువతో ఉండగా చూస్తున్నది తక్కువ.

అన్నింటికన్నా పెద్ద సౌకర్యం తిండిది. పెరిగిన డ్రాగన్‌కు రోజూ ఆకులు, వారానికి రెండు మూడుసార్లు పురుగులు. పెరిగిన గెక్కోకు ఆకులే అక్కరలేదు, రోజు విడిచి రోజు ఆరేడు పురుగులు చాలు. ఒకే పురుగుల పెంపకం రెండింటికీ సరిపోతుంది. గోధుమ తవుడు, క్యారెట్ ముక్కలు వేసిన ప్లాస్టిక్ డబ్బాలో మీల్‌వార్మ్‌లు మన వేడికి ఏ హీటరూ లేకుండా పెరుగుతాయి. డబ్బా ఉన్న బల్ల కాళ్లను నీళ్ల గిన్నెల్లో ఉంచండి, లేకపోతే చీమలు ఒక్క రాత్రిలో అంతా ఖాళీ చేస్తాయి. మీల్‌వార్మ్‌లే కాక కీచురాళ్లు, డూబియా బొద్దింకలు కూడా మార్చి మార్చి పెట్టాలి. విశాఖ నుంచో భువనేశ్వర్ నుంచో వచ్చే పార్సెలు మీదే ఆధారపడితే, వానల్లో అది రెండు రోజులు ఆలస్యమై సగం చచ్చిన పురుగులతో దిగుతుంది. కూరగాయల మళ్లలోంచి పట్టిన పురుగులు వద్దు, వాటి ఒంట్లో మందు ఉంటుంది. వానాకాలపు రాత్రుల్లో కిటికీలోంచి వచ్చే మిణుగురులను డ్రాగన్‌కు చిక్కనివ్వకండి. అమెరికాలోని మిణుగురు జాతి విషంతో బియర్డెడ్ డ్రాగన్‌లు చనిపోయిన సంగతి పశువైద్యులు నమోదు చేశారు. పురుగులకు తప్పక కాల్షియం పొడి అద్ది పెట్టాలి, గెక్కోకు వారానికోసారి డీ3 విటమిన్ కలిసిన పొడి. ఇది మానేస్తే ఎముకలు మెత్తబడి దవడ, కాళ్లు వంకర్లు పోతాయి.

దీనికీ కష్టాలు లేకపోలేదు. కుబుసం విడిచేటప్పుడు తడి నాచు పెట్టిన చిన్న మూత డబ్బా ఒకటి దాని గూట్లో లేకపోతే వేళ్ల చివర చర్మం బిగుసుకుని వేళ్లే ఊడిపోతాయి. పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతుంది కనుక మీ పాప డిగ్రీ చదివే నాటికి కూడా ఇంట్లో ఉండవచ్చు. ఎత్తుకుని ఆడించే జీవి కాదు, బెదిరితే తోక వదిలేస్తుంది.

కొనేటప్పుడు మన ప్రాంతానికి ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి ఉంది. ఒడిశా, ఉత్తరాంధ్ర తూర్పు కనుమల్లో లెపర్డ్ గెక్కోకు దగ్గరి బంధువైన చిరుతబల్లి అడవిలో సహజంగా ఉంది. 2022లో పరిశోధకులు దానిని యూబ్లెఫారిస్ పిక్టస్ అనే కొత్త జాతిగా వర్ణించారు. విషం ఉందని భయపడి పల్లెల్లో దాన్ని చంపేస్తుంటారు, నిజానికి దానికి విషం లేదు. అడవిలో పట్టిన దానిని పెంపకపు గెక్కో పేరుతో ఎవరైనా చవగ్గా అమ్మజూపితే తీసుకోకండి. అది నేరం, పైగా అడవి నుంచి వచ్చినది ట్యాంకులో తిండి మాని చిక్కిపోతుంది. పెంపకంలో పుట్టినదని రాతపూర్వకమైన బిల్లు ఇవ్వనివారి దగ్గర ఏదీ కొనవద్దు.

చట్టం విషయం కూడా ఇక్కడే చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ జరిగి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందపు పట్టికల్లో ఉన్న విదేశీ జీవులను ఆ సవరణ నాలుగో షెడ్యూలు కిందికి తెచ్చింది. 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం వాటిని పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేయించాలి. పిల్లలు పుట్టినా, చనిపోయినా, ఇతరులకు ఇచ్చినా తెలియజేయాలి. బాల్ పైథాన్, సల్కాటా, ఇగువానా ఆ పట్టికల్లో ఉన్నాయి. మీరు ఏది కొన్నా, డబ్బు చెల్లించే ముందు డివిజనల్ ఫారెస్ట్ ఆఫీసుకు వెళ్లి జాతి శాస్త్రీయ నామం చూపించి రాతపూర్వకంగా అడగండి. ఇంటి యజమానికి కూడా ముందే చెప్పండి.

పాప విషయంలో మాత్రం కఠినంగా ఉండమని వేడుకుంటున్నాను. ఆరోగ్యంగా కనిపించే సరీసృపాల మలంలో కూడా సాల్మొనెల్లా క్రిములు ఉంటాయి. అమెరికాలో చిన్న తాబేళ్ల వల్ల పసిపిల్లలకు జబ్బులు వచ్చి, నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు. ఐదేళ్లు నిండే వరకు పాప వాటిని ముట్టుకోకూడదు, దూరం నుంచి చూడవచ్చు. వాటి పళ్లాలను వంటింటి సింకులో కడగవద్దు, విడిగా ఒక బకెట్టు, ఒక బ్రష్షు పెట్టుకోండి. ట్యాంకులో చెయ్యి పెట్టిన ప్రతిసారీ సబ్బుతో కడుక్కోవాలి. ఇల్లు శుభ్రంగా ఉంచుకునే మీ అమ్మగారికి ఈ నియమం నచ్చుతుందనీ, మీకన్నా ఆవిడే దాన్ని బాగా అమలు చేయిస్తారనీ నా నమ్మకం.

ఎప్పుడు కొనాలన్న దానికి నా సమాధానం నవంబరు నెల. మన తీరానికి అక్టోబరు తుపానుల నెల. 2013 అక్టోబరు 12న ఫైలిన్ మీ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాను కుదిపేసింది. ఆ తుపానుకు ముందు రోజు నేను నా డ్రాగన్‌కు కడుపునిండా పురుగులు పెట్టాను. తరువాత మా వీధికి ఎనిమిది రోజులు కరెంటు లేదు. మబ్బు పట్టి ఎండ రాలేదు. వేడి లేకపోతే సరీసృపానికి తిన్నది అరగదు, కడుపులోనే కుళ్లిపోతుంది. నాలుగో రోజుకు అది కళ్లు తెరవలేదు. ఐదో రోజు ఎండ కాసినప్పుడు పెరట్లో పలక మీద పెట్టి కాపాడుకున్నాను. అప్పటి నుంచి తుపాను హెచ్చరిక వినగానే మూడు రోజుల ముందే అన్నింటికీ తిండి ఆపి నీళ్లు మాత్రం పెడుతున్నాను. పెద్ద గెక్కో తోకలో కొవ్వు నిలవ ఉంటుంది కనుక అది పది రోజుల పస్తును తట్టుకుంటుంది, కొత్తగా వచ్చిన పిల్ల తట్టుకోలేదు. అందుకే తుపానుల కాలం గడిచాక, చలి ముదరక ముందు తేవడం మేలు.

తెచ్చిన తరువాత మొదటి 90 రోజులు దాన్ని డ్రాగన్ ఉన్న గదిలో కాక మరో గదిలో ఉంచండి. గెక్కోల పేగులకు వచ్చే క్రిప్టోస్పోరిడియం జబ్బుకు నమ్మదగిన వైద్యం లేదు. డ్రాగన్‌లలో అడినోవైరస్ బయటికి కనిపించకుండా ఉంటుంది. ఒకదాని ట్యాంకులో మిగిలిన పురుగులను రెండో దానికి వేయకండి. రోజూ ముందు డ్రాగన్ పని ముగించి ఆ తరువాతే కొత్తదాని దగ్గరికి వెళ్లండి. దాని గూట్లో మొదటి మూడు నెలలు పరుపుగా కాగితం మాత్రమే వేస్తే మలం ఎలా ఉందో స్పష్టంగా తెలుస్తుంది. మొదటి వారంలోనే మలం పరీక్ష చేయించండి. భువనేశ్వర్‌లోని పశువైద్య కళాశాలలోగానీ, విశాఖ వైపుగానీ సరీసృపాలను చూసే వైద్యులు ఎవరున్నారో జీవిని కొనకముందే ఫోను చేసి కనుక్కుని పెట్టుకోండి. వంటింటి డిజిటల్ తూకం లాంటిదే మరొకటి కొని వారానికోసారి దాని మీద బరువు చూసి నోటు పుస్తకంలో రాయండి. ఏ నెలలోనైనా పదో వంతు బరువు తగ్గినా, తోక సన్నబడినా, ఆదివారం దాకా ఆగకుండా ఆ రోజే వైద్యుడి దగ్గరికి రైలెక్కండి.